గొర్రెల మంద వెంట ఒక ఫ్రిజ్

2022 జనవరి. ప్రొద్దుటూరులో నేను ఫ్రిజ్ రిపేరు షాపు పెట్టుకుని అప్పటికి పంతొమ్మిదేళ్లు. బంగారు అంగళ్ల వీధి దాటి ధాన్యం గోడౌన్ల వైపు మళ్లే రోడ్డులో రెండు షట్టర్ల కొట్టు నాది. ఇళ్ల ఫ్రిజ్‌లు, కూల్‌డ్రింకు అంగళ్ల డీప్ ఫ్రీజర్లు, ఐస్‌క్రీమ్ బండ్ల పెట్టెలు, అన్నీ చేస్తాను. మస్తాన్ చేయి పెడితే మంచు కట్టాల్సిందేనని మా వీధిలో అనేవాళ్లు. ఆ మాట నాకు బాగా ఇష్టంగా ఉండేది. ఈ అనుభవం ఆ ఇష్టాన్ని కొంచెం తగ్గించింది.

జనవరిలో మాకు పని తక్కువ. చలికి ఎవరికీ ఫ్రిజ్ గుర్తుకు రాదు. ఒక రోజు పదిగంటలప్పుడు షాపు ముందు ఒక పాత మినీ బస్సు ఆగింది. ఏదో స్కూలు వాళ్లు అమ్మేసిన బస్సు. పసుపు రంగు మీద నీలం పూశారు గానీ అక్కడక్కడా పసుపు బయటికి కనిపిస్తోంది. డ్రైవరు సీట్లోంచి నలభై ఏళ్లు దాటిన ఒక ఆడమనిషి దిగింది. కొంగు నడుముకు బిగించి, కాళ్లకు మగవాళ్ల చెప్పులు వేసుకుని ఉంది.

"అన్నా, ఇంట్లో ఫ్రిజ్ కాదు, బండ్లో ఫ్రిజ్. చేస్తావా?" అంది.

బస్సెక్కి చూశాను. సీట్లన్నీ తీసేశారు. ఒక పక్క నులక మంచం, ఒక పక్క గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము, బియ్యం డబ్బాలు, దండెం మీద బట్టలు. వెనక భాగాన్ని ఇనుప జాలీతో వేరు చేశారు. ఆ జాలీ అవతల ఎండుగడ్డి మీద పుట్టి రెండు రోజులు కూడా కాని గొర్రెపిల్లలు నాలుగు పడుకుని ఉన్నాయి. పొయ్యికీ మంచానికీ మధ్య ఒక ఇంటి ఫ్రిజ్, దాని నెత్తిన తాడుతో కట్టిన ఒక ఇన్వర్టర్. ఆ మనిషి ఇల్లు అదే. విదేశాల్లో ఇలాంటి బండ్లు ఉంటాయని ఫోన్లో వీడియోలు చూశాను గానీ, మన రోడ్ల మీద ఒకటి నా షాపు ముందుకే వస్తుందని అనుకోలేదు.

ఆమె పేరు నరసమ్మ. వీరపునాయునిపల్లె దగ్గర ఒక ఊరు. రెండు వందల పైచిలుకు గొర్రెలు. పంటలు కోసిన చేలల్లో మంద నిలుపుతూ ఏడాదిలో ఎనిమిది నెలలు తిరుగుతూనే ఉంటారు. మంద రాత్రిపూట ఏ చేలో పడుకుంటే ఆ చేనికి ఎరువు, అందుకని రైతులే పిలుస్తారు. భర్త గంగులప్ప, అతని తమ్ముడు గొర్రెల వెంట నడుస్తారు. ఈమె బస్సు నడుపుతూ ముందుగా వెళ్లి మంద దిగే చోటు చూసుకుంటుంది.

"ఫ్రిజ్ దేనికమ్మా, పాలకా?" అని అడిగాను.

"నాకు షుగరన్నా. మాత్రల షుగర్ కాదు. మూడు పూటలా సూది వేసుకోవల్ల. ఆ మందు ఎండకు చెడిపోతాది. పోయిన ఎండాకాలం చెడిపోయి పడిపోయినా. డాక్టరేమో ఊర్లో ఇంటికాడ కూచోమంటాడు. నేను కూచుంటే ఈనే గొర్రెకు చేయి పెట్టేది ఎవురు? అడ్డం తిరిగిన పిల్లను తిప్పేది ఎవురు? మా ఆయనకు నడిచేది వచ్చు గానీ ఆ పని రాదు. నేను రాకుంటే మంద అమ్మేస్తా అంటాండాడు."

ఆమె ఏడవలేదు. మా ఊళ్లో మిక్సీ రిపేరుకు వచ్చినవాళ్లు చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఆ ఫ్రిజ్‌ను వేరే ఊళ్లో ఎవరో అమర్చారట. బండి కదిలినప్పుడు కాసేపు నడుస్తుంది, పొద్దు మునిగేలోపే ఆగిపోతుంది. కారణం చూడగానే తెలిసింది. ఇంటి ఫ్రిజ్‌కు ఇంటి కరెంటు కావాలి. బ్యాటరీలో ఉండేది పన్నెండు వోల్టుల కరెంటు. దాన్ని ఇంటి కరెంటుగా మార్చే పెట్టే ఇన్వర్టర్. మార్చేటప్పుడు కొంత అదే తినేస్తుంది. ఫ్రిజ్ ఆగి ఉన్నప్పుడు కూడా ఇన్వర్టర్ మేలుకునే ఉండి కొంచెం కొంచెంగా తాగుతుంటుంది. పైగా ఫ్రిజ్‌లో గుండెకాయలాంటి కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలుకు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. బ్యాటరీ సగం దిగిందంటే ఆ లాగుడుకు తట్టుకోలేక ఇన్వర్టర్ తనంతట తనే ఆగిపోతుంది.

"ఇంజన్ నడిస్తే బ్యాటరీ ఎక్కుతాది కదా?" అంది నరసమ్మ.

"లారీవాళ్లకైతే సరిపోతుందమ్మా. వాళ్ల ఇంజన్ రోజంతా తిరుగుతుంది. నీ బండి రోజుకు ఎంతసేపు నడుస్తుంది?"

ఆమె ఆలోచించింది. "పావు గంట. ఒకోసారి వారం దినాలు కదల్దు."

అలాంటి బండికి నేను చెప్పిన మార్గం వేరు. ఇంటి ఫ్రిజ్ తీసేసి, నేరుగా పన్నెండు వోల్టులతోనే నడిచే చిన్న పెట్టె ఫ్రిజ్ పెట్టుకోవాలి. ఇన్వర్టర్ అక్కర్లేదు. అది మెల్లగా మొదలవుతుంది, మెల్లగా నడుస్తుంది. బస్సు పైన రెండు సోలార్ పలకలు, లోపల దానికోసమే ఒక వేరే బ్యాటరీ. ఇంజన్ బ్యాటరీని మాత్రం ముట్టకూడదు. ముడితే ఒక రోజు ఫ్రిజ్ నడుస్తుంది, బస్సు నడవదు.

పెట్టె చెన్నై నుంచి తెప్పించాను. వారంలో బిగించాను. వైర్లు జాలీ పక్కనుంచి తీసుకుపోతే గొర్రెపిల్లలు కొరుకుతాయని ఆమే చెప్పి పై నుంచి వేయించింది. పని అయ్యాక ఆమె చూస్తుండగానే పెట్టె ఆన్ చేసి, మీటల మీద డిగ్రీలు కిందికి, ఇంకా కిందికి నొక్కాను. అరగంటలో లోపలి గోడకు తెల్లగా మంచు పట్టింది.

"చూడమ్మా, మైనస్ ఆరు. ఎంత చల్లగా పెడితే మందు అంత భద్రం. ఒక పూట మబ్బు పట్టినా ఈ చల్లదనం నిలబడుతుంది. ఈ మీటలు ముట్టొద్దు. నేను పెట్టినట్టే ఉంచు," అని చెప్పాను.

"నేనేల ముడతానన్నా," అని నవ్వి, బస్సు స్టార్టు చేసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నాకు చాలా తృప్తిగా ఉండింది. ఇంటికి పోయి మా ఆవిడకు బస్సు సంగతంతా వర్ణించి చెప్పాను.

పద్దెనిమిది రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. ఫ్రిజ్ మూత మీద నేను అంటించిన షాపు స్టిక్కరు చూసి చేశాడు గంగులప్ప.

"మస్తానన్న నువ్వేనా? జమ్మలమడుగు ఆసుపత్రిలో ఉండాం. నా పెండ్లాం పడిపోయింది. నీ ఫ్రిజ్‌లో మందే ఏసుకుంటా ఉండె. షుగర్ మాత్రం దిగల్యా. ఇంగ నువ్వు ఒకసారి రావల్ల."

గొంతులో కోపం లేదు. అది ఉండి ఉంటే నాకు ఇంకా తేలికగా ఉండేది. షాపు మూసి బస్సెక్కాను. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు ఎంతో దూరం కాదు గానీ ఆ రోజు ఎంతకీ చేరలేదు. వైరు వదులైందా, బ్యాటరీ పోయిందా, పెట్టె ఆగిపోయిందా అని దారంతా లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. ఫ్రిజ్ పని చేయకపోవడం తప్ప వేరే తప్పు జరగగలదని నా బుర్రకు తట్టలేదు.

ఆసుపత్రి బయట ఖాళీ జాగాలో నీలం బస్సు ఉంది. ముందు దాన్నే ఎక్కి చూశాను. పెట్టె చక్కగా నడుస్తోంది. మైనస్ ఆరు. బ్యాటరీ నిండుగా ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. నా పనిలో లోపం లేదు, ఇది ఇంకేదో కారణం అనుకుంటూ, లోపలున్న రెండు మందు సీసాలు ఒక సంచిలో వేసుకుని పైకి వెళ్లాను.

నరసమ్మ చేతికి సెలైన్ ఎక్కుతోంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి గానీ మెలకువగానే ఉంది. పక్కన సునీత అనే నర్సు ఉంది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయేమో. నేను సంచిలోంచి సీసా తీసి ఇవ్వగానే ఆ అమ్మాయి దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. లోపల మందు గడ్డకట్టి ఉంది.

"ఇది ఎన్ని డిగ్రీల్లో పెట్టినారు?"

"మైనస్ ఆరు," అన్నాను, ఇంకా కొంచెం గర్వంగానే.

"ఎవరు పెట్టమన్నారన్నా?"

ఎవరూ పెట్టమనలేదు. నేనే పెట్టాను.

సునీత గొంతు పెంచలేదు. "ఇన్సులిన్ ఎండకు ఎట్ల చెడిపోతుందో గడ్డకడితే కూడా అట్లనే చెడిపోతుంది. రెండు డిగ్రీల నుంచి ఎనిమిది లోపల ఉండాలి. గడ్డకట్టి కరిగింది మళ్లీ చూడ్డానికి బాగానే ఉండొచ్చు. దాంట్లో పని చేసే గుణం ఉందని నమ్మేందుకు లేదు. ఈమె ఇన్ని దినాలు దాదాపు నీళ్లు పొడుచుకున్నట్టే," అంది.

మంచం మీదినుంచి నరసమ్మ మెల్లగా చెప్పింది. "పొద్దన్నే తీస్తే గడ్డ ఉండేది. చేతిలో పెట్టుకోని, కరిగేదంక ఉండి పొడుచుకుంటా ఉంటి. అన్న చల్లగా ఉంటే భద్రం అన్యాడు కదా అనుకుంటి."

పద్దెనిమిది రోజులు. రోజుకు మూడుసార్లు. ఆ గడ్డను అరచేతిలో పట్టుకుని కరిగే దాకా కూర్చున్న మనిషిని తలచుకున్నాను. అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాను.

"తప్పు నాదమ్మా," అన్నాను. "పెట్టెది కాదు. నాది."

గంగులప్ప గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పొడవాటి మనిషి. భుజం మీద గొంగడి. "తప్పు ఎవురిదైనా ఇంగ చాలప్పా. ఆ పెట్టె నువ్వు తీస్కపో. బస్సు అమ్మేస్తా, గొర్రెలు అమ్మేస్తా. ఈమె పాణం కంటే గొర్రెలు ఎక్కువ కాదు నాకు," అన్నాడు.

అతని మాటలో తప్పు పట్టేందుకు ఏమీ లేదు. అప్పుడు నరసమ్మ సెలైన్ లేని చేత్తో దిండు సర్దుకుని కొంచెం పైకి జరిగింది.

"అమ్మేది తర్వాత చూద్దాం. అన్నా, నువ్వు నాకు ఐసు పెట్టే పెట్టె ఇచ్చినావు. నాకు మందు పెట్టే పెట్టె కావల్ల. చేస్తావా, చేయలేవా? అది చెప్పు."

"చేస్తాను," అన్నాను. "పదిహేను రోజులు టైమియ్యి."

గంగులప్ప కాదనలేదు.

వచ్చే ముందు సునీత నన్ను వాళ్ల మందుల గదికి తీసుకుపోయి అక్కడి ఫ్రిజ్ చూపించింది. నేను బాగు చేసే ఫ్రిజ్‌ల వంటిదే. కానీ దాని తలుపుకు ఒక థర్మామీటరు, పక్కన మేకుకు వేలాడుతున్న ఒక పుస్తకం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లోపలి వేడి రాసి సంతకం పెడతారట. నేను బాగు చేసిన వేల ఫ్రిజ్‌లలో ఒక్కదానిలో కూడా థర్మామీటరు పెట్టి చూడలేదు. చేయి పెట్టి చూసేవాణ్ని. చల్లగా ఉంటే పని అయిపోయినట్టు.

"పెట్టె బాగయ్యేదాకా ఈమె మందు ఎట్లమ్మా?" అని అడిగాను.

"కొత్త మట్టికుండ, దాని చుట్టూ తడిగుడ్డ, నీడలో పెట్టుకోమని చెప్పినా. ఈ చలికాలానికి అది చాలు. ఎండాకాలానికి మీ పెట్టె కావాలి," అంది ఆ అమ్మాయి.

పెట్టెను ప్రొద్దుటూరుకు తెచ్చుకున్నాను. నాలుగు థర్మామీటర్లు కొని లోపల నాలుగు చోట్ల పెట్టాను. ఐదు డిగ్రీలకు పెట్టినా లోపల అంతటా ఐదు లేదు. చల్లటి గోడను ఆనుకుని సున్నా దాకా పోతోంది. మూత కింద తొమ్మిది. మధ్యలో మాత్రమే నాలుగూ ఆరూ మధ్య నిలబడుతోంది. అంటే ఒకే పెట్టెలో ఒక మూల మందు గడ్డకట్టేంత దగ్గరికి వస్తుంది, ఇంకో మూల వేడెక్కుతుంది. ఇన్నేళ్ల పనిలో ఇది నాకు తెలియదు అనడం సిగ్గుగా ఉంది గానీ, నిజంగానే తెలియదు.

నడిమధ్యలో ఒక ప్లాస్టిక్ బుట్ట బిగించాను. చల్లటి గోడకూ బుట్టకూ మధ్య థర్మాకోల్ ముక్క. చుట్టూ ఆరు నీళ్ల సీసాలు. ఆ నీళ్లు ఒకసారి చల్లబడితే పెట్టె ఆగినా కొన్ని గంటలు చల్లదనాన్ని పట్టి ఉంచుతాయి. బుట్టలో వేడి కొలిచే తీగ ఒకటి పెట్టి, బయట డ్రైవరు సీటు దగ్గర అంకె కనిపించేలా చేశాను. రెండు కంటే తగ్గినా, ఎనిమిది దాటినా కుయ్యిమని అరిచే చిన్న బజరు. మీటల మీద రేకు మూత వేశాను. ఖాళీ మందు సీసాల్లో మంచినీళ్లు పోసి పది రోజులు బుట్టలో పెట్టి, జమ్మలమడుగు ఆసుపత్రిలో చూసినట్టే ఒక నోటు పుస్తకంలో రోజుకు రెండుసార్లు రాసుకున్నాను. ఒక్కసారి కూడా గడ్డకట్టలేదు.

ఫిబ్రవరి చివర్లో మంద జమ్మలమడుగు దగ్గర శనగ కోసిన నల్లరేగడి చేలల్లో ఉంది. అక్కడికే పోయి బిగించి వచ్చాను. నరసమ్మ తేరుకుంది. ఈసారి నేను బిగిస్తున్నంతసేపూ పక్కనే కూర్చుని ప్రతి తీగ గురించీ అడిగింది. అయిపోయాక నన్ను దిగనియ్యకుండా, తను నేర్చుకున్నది నాకే తిరిగి అప్పజెప్పింది. ఏ అంకె మంచిది, ఏ అంకెకు భయపడాలి, బజరు మోగితే ముందు ఏం చూడాలి. ఎక్కడా తప్పు పోలేదు. గంగులప్ప దూరంగా గొర్రెల మధ్య నిలబడి చూస్తున్నాడు. నేను వెళ్తుంటే మాత్రం దగ్గరికొచ్చి ఒక లోటా మజ్జిగ ఇచ్చాడు.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి. మంద ముద్దనూరు మీదుగా పులివెందుల వైపు నడిచింది. అక్కడ చీనీ అనే బత్తాయి తోటల రైతులు ఎరువు కోసం మందను పిలిచారు. ఒక ఉదయం నరసమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, అంకె ఏడు దాటింది. బ్యాటరీకాడ ఎర్ర లైటు. నేను మందును కుండకు మార్చినా. నువ్వు ఎప్పుడొస్తావు?"

మధ్యాహ్నానికి పులివెందులలో దిగి, ఆటో పట్టుకుని తోట దగ్గరికి పోయాను. పలకలు తుడిచే ఉన్నాయి. వైర్లు గట్టిగా ఉన్నాయి. బ్యాటరీ దిగిపోయింది. ఎందుకో అర్థం కాక బస్సు దిగి నాలుగు అడుగులు వెనక్కి వేసి చూశాను. అప్పుడు కనిపించింది. బస్సు ఒక పెద్ద వేపచెట్టు కింద ఉంది. పై పలకల మీద మొత్తం నీడ.

"నరసమ్మా, బండి ఎప్పుడూ చెట్టు కిందనే పెడతావా?"

"మరి యాడ పెట్టల్లన్నా? ఈ ఎండలో బయట పెడితే లోపల మనిషి ఉడికిపోతాడు. గొర్రెపిల్లలు బతుకుతాయా?"

జనవరిలో ఎండ హాయిగా ఉండి బస్సు ఎండలోనే నిలిచేది. నా లెక్క సరిపోయింది. ఏప్రిల్‌లో మనుషులకు నీడ కావాలి, పలకలకు ఎండ కావాలి, ఫ్రిజ్‌కు మళ్లీ నీడ కావాలి. బస్సును ఎండలో పెడితే లోపల వేడికి ఫ్రిజ్ ఆగకుండా నడిచి, పలకలు ఇచ్చినదంతా తాగేస్తుంది. నీడలో పెడితే పలకలు ఏమీ ఇవ్వవు. ఇంకో పలక పెడదామా, పెద్ద బ్యాటరీ పెడదామా అని నేను నేల మీద పుల్లతో లెక్కలు గీస్తూ కూర్చున్నాను. ఏదీ కుదరలేదు.

నరసమ్మ నా వెనక నిలబడి కాసేపు చూసింది. "పలకలు బండి మీదనే ఉండాల్నా?"

"అంటే?"

"గొర్రెల వల ఉండాది చూడు. మేము బండ్లో పండుకుంటాం, వల ఆడ చేలో కడతాం. గుంజలు నాటి కడతాం, పొద్దన్నే పీక్కోని బండ్లో ఏసుకుంటాం. పలకలు కూడా అట్ల కట్టుకుంటే ఏం? బండి ఈడ నీడలో ఉంటాది, అది ఆడ ఎండలో ఉంటాది."

నేను ఆమె ముఖంలోకి చూశాను. చేతిలో పుల్ల పక్కన పడేశాను.

ఆ సాయంత్రమే పలకలు పైనుంచి దించాం. తోట రైతు ఇచ్చిన రెండు ఇనుప గొట్టాలతో ఒక మడత స్టాండు చేయించాను. నా సంచిలో ఉన్న మామూలు వైరుతో పదిహేను మీటర్ల దూరంలో కలిపి, మర్నాడు ఎండలో పెట్టి చూశాం. ఎర్ర లైటు ఆరలేదు. మీటరు పెట్టి చూస్తే పలక దగ్గర ఉన్న బలం బ్యాటరీ దగ్గరికి రావడం లేదు. దారిలోనే మూడు వోల్టులు పోతున్నాయి. దీన్ని వోల్టేజ్ డ్రాప్ అంటాం. సన్న గొట్టంలో నీళ్లు దూరం పోతే చివర సన్నగా వచ్చినట్టు, సన్న వైరులో కరెంటు దూరం పోతే చివర నీరసంగా వస్తుంది. ఇంటి కరెంటులో మూడు వోల్టులు పోతే ఎవరికీ తెలియదు. పన్నెండు వోల్టుల్లో మూడు పోతే పని ఆగిపోతుంది.

"అంటే లావు తీగ కావల్ల," అంది నరసమ్మ.

"అవునమ్మా. వేలు లావు ఉండాలి."

పులివెందులలో ఒక వెల్డింగ్ షాపులో లావు కేబుల్ దొరికింది. దాన్ని కలిపిన అరగంటకు ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వచ్చింది. సాయంత్రం దాకా ఉండి చూశాను. అంకె పదకొండు నుంచి ఎనిమిదికి, ఎనిమిది నుంచి ఐదుకు దిగింది. నరసమ్మ కుండలోని మందు తెచ్చి బుట్టలో పెట్టింది. మూత వేసి, దాని మీద రెండు చేతులూ ఆనించి కాసేపు అలాగే నిలబడింది.

ముందు రోజు రాత్రి మందతో పక్క తోటలోనే ఉండిపోయిన గంగులప్ప పొద్దు వాలే వేళకు వచ్చాడు. బస్సు చెట్టు కింద, పలకలు దూరంగా ఆరుబయట ఉండటం చూసి ఒక చుట్టు తిరిగి వచ్చి, "ఎవురు చెప్పినారు ఇట్ల పెట్టమని?" అన్నాడు.

"నీ పెండ్లామే మామా," అన్నాను.

అతను తల ఊపి, పొయ్యి దగ్గరున్న నరసమ్మ వైపు చూశాడు. నన్ను ఆ పూట తినకుండా పోనియ్యలేదు. రాగి సంగటి, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి. తింటూ తింటూ, ఎవరో బేరగాడు మంద కోసం మళ్లీ వస్తానన్న సంగతి చెప్పాడు. "రావద్దని చెప్పినా," అన్నాడు.

మే నెల మొత్తం పొద్దున్నే ఏడు గంటలకు నాకు నరసమ్మ ఫోన్ వచ్చేది. పలకరింపులేవీ ఉండవు. "ఐదన్నా." లేకపోతే "ఆరు." పెట్టేసేది. పెద్ద ఎండలు కాసిన రోజున ఒకసారి "ఏడు" అంది, నేను కంగారు పడేలోపే "మూత ఎక్కువ సేపు తెరిచినా, నాదే తప్పు" అంది. జూన్‌లో వానలు పడ్డాక ఫోన్లు తగ్గాయి. అదీ మంచి కబురే అనుకున్నాను. వానాకాలంలో ప్రొద్దుటూరు వచ్చినప్పుడు జమ్మలమడుగు సునీత రాసిచ్చిన కాగితం తెచ్చి చూపించింది. మూడు నెలల షుగర్ లెక్క. నాకు అర్థం కాలేదు. "బాగుందని రాసింది," అని ఆమే చెప్పింది.

మరుసటి ఏడాది ఇంకో సంగతి జరిగింది. గొర్రెలకు వేసే టీకా మందులు కూడా ఆ రెండు, ఎనిమిది డిగ్రీల మధ్యనే ఉండాలట. పశువుల ఆసుపత్రి నుంచి చేలల్లో ఉన్న మందల దాకా తెచ్చేలోపు ఎండకు చాలాసార్లు చెడిపోయేవి. ఒక పశువైద్యుడు నరసమ్మ బస్సులో అంకె చూసి, చుట్టుపక్కల నాలుగు మందలకు కావలసిన టీకాలు ఆమె దగ్గరే పెట్టి వెళ్లాడు. నేను చూడటానికి పోయినప్పుడు బుట్టలో ఒక వైపు ఆమె ఇన్సులిన్, ఒక వైపు గొర్రెల టీకాలు ఉన్నాయి. మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టింది. ఏది ఎవరిదో అట్ట మీద బొగ్గుతో గుర్తులు వేసింది. పక్క మంద వాళ్లు టీకాల కోసం వచ్చి బస్సు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. "మూత నేనే తీస్తా, మీరు తీయొద్దు," అని వాళ్లకు గట్టిగా చెబుతోంది. ఊళ్లో కూర్చోమని డాక్టరు చెప్పిన మనిషి, ఆ చుట్టుపక్కల మందలన్నిటికీ మందుల గదిలా అయింది.

ఈ సంఘటన నాకు కరెంటు గురించి నేర్పింది కొంచెమే. లావు తీగ వాడాలని ముందే తెలిసి ఉండాల్సింది, ఇప్పుడు మరచిపోను. అంతకంటే పెద్దది ఇంకొకటి. అన్నేళ్లూ నా పని యంత్రాన్ని చల్లబరచడం అనుకున్నాను. యంత్రం చల్లబడితే నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను. ఆ యంత్రం లోపల ఎవరి ప్రాణం ఉందో అడగలేదు. అడిగినా, పాలకా అని అడిగి, జవాబు విని, మళ్లీ నాకు తెలిసిన పనే చేశాను.

ఇప్పుడు షాపుకు ఏ ఫ్రిజ్ వచ్చినా, వెనక రేకు విప్పే ముందు ఒక మాట అడుగుతాను. ఇందులో ఏం పెడతారు? ఒకాయన వాళ్లమ్మ కంటి చుక్కల మందు అన్నాడు. మల్లెపూలు అమ్మే ఒకామె, చల్లదనం ఎక్కువైతే మొగ్గలు నల్లబడతాయని చెప్పింది. ఒక్కొక్కరికి ఒక్కో అంకె కావాలి. జవాబు వినేదాకా స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకోను.